బాడుగ ఇచ్చే దాతలకు కొన్ని సూచనలు



ఈ సంచిక చదివే దాతల్లో చాలామందికి బాడుగకిచ్చిన ఇల్లో, అంగడో ఉంది. జకాత్, సదఖాలు ఆ రాబడి నుంచే ఇస్తున్నవారూ ఉన్నారు. కాబట్టి ఆ వ్యవహారం తగాదా లేకుండా, హలాల్‌గా సాగడం మనందరికీ అవసరం.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక బయటి ఊళ్లవాళ్లు ఎందరో వచ్చారు. హిందూపురంలో ఫ్యాక్టరీ పనివాళ్లు, ధర్మవరంలో మగ్గం పెట్టుకోవడానికి వీలైన ఇల్లు వెతుక్కునే నేతన్నలు ఉన్నారు. బాడుగకు వచ్చేవారు వేరైనా తగాదాలు ఒకటే. అడ్వాన్సు ఎంత ఇచ్చారు? కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? ఎప్పుడు ఖాళీ చేయాలి?

రాసుకోండి

"మనవాడే కదా, కాగితమెందుకు" అనుకోవడం మన అలవాటు. గడువు పెట్టుకున్న అప్పును రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 282వ ఆయతు చెబుతుంది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు అదే. బాడుగకూ అదే పద్ధతి పాటిస్తే మంచిది. రాసుకోవడమంటే అవతలివారిని అనుమానించడం కాదు.

ఒప్పందంలో ఇవి ఉండాలి: నెల బాడుగ, కట్టాల్సిన తేదీ, అడ్వాన్సు, ఏటా పెంచే మొత్తం, కరెంటు, నీళ్ల బిల్లులు, రిపేర్లు ఎవరివి, సున్నానికి ఎంత పట్టుకుంటారు, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి. మగ్గానికి గుంట తవ్వుకోవచ్చా, పోయేటప్పుడు ఎవరు పూడ్చాలి అన్నదీ రాయండి. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. తాళం ఇచ్చే రోజున గోడలకు, తలుపులకు ఫోన్‌లో ఫోటోలు తీసి ఇద్దరూ ఉంచుకోండి. నగదు తీసుకుంటే రసీదు ఇవ్వండి.

కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం ప్రకారం అడ్వాన్సు ఇంటికి రెండు నెలలు, అంగడికి ఆరు నెలల బాడుగకు మించకూడదు. ఓనరు ఇల్లు చూడాలంటే 24 గంటల ముందు చెప్పాలి. తగాదా వచ్చిందని నీళ్లు, కరెంటు ఆపకూడదు. రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే ఇది వర్తిస్తుంది. అయినా న్యాయమైన కొలతగా మనం పాటించవచ్చు.

భోగ్యం సంగతి

బెంగళూరులో లాగే మన వైపూ 'లీజు' లేదా 'భోగ్యం' పద్ధతి ఉంది. ఓనరు కొన్ని లక్షలు తీసుకుంటాడు. బాడుగ ఉండదు. ఖాళీ చేసిన రోజు మొత్తం తిరిగి ఇస్తాడు. ఇక్కడ ఓనరు చేతికి వచ్చింది అప్పు, దానికి బదులుగా ఇచ్చింది ఉచిత నివాసం. అప్పు మీద వచ్చే లాభం కాబట్టి ఇది రిబా కిందికి వస్తుందని చాలామంది ఉలమాలు చెబుతారు. లౌకికంగా చూసినా చిక్కే. ఖాళీ చేసే నాటికి ఆ డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది. కొత్తవారు వస్తే తప్ప పాతవారికి ఇవ్వలేరు. కొద్ది అడ్వాన్సు, సరైన బాడుగ పెట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

వక్ఫ్ అంగళ్లు

మసీదుల, దర్గాల అంగళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 1995 వక్ఫ్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజుకు బోర్డు ముందస్తు అనుమతి ఉండాలి. ముప్పై ఏళ్లు దాటిన లీజు చెల్లదు. పాత బాడుగలోనే తరాలు గడవడం, ఒకరు తీసుకుని మరొకరికి ఎక్కువకు ఇవ్వడం చాలాచోట్ల ఉన్నదే. పది అంగళ్లకు నెలకు 1,500 చొప్పున తక్కువ వస్తే ఏడాదికి 1,80,000 రూపాయలు పోతాయి. ఎందరో పిల్లల పుస్తకాలకు, ఫీజులకు సరిపోయే మొత్తమది. మన మధ్యే అలాంటి అంగడిలో ఉన్నవారుంటే న్యాయమైన బాడుగ కట్టడం కూడా విరాళం లాంటిదే.

జకాత్ లెక్క

బాడుగకిచ్చిన ఇంటి విలువ మీద జకాత్ లేదని, వచ్చిన బాడుగలో ఖర్చులు పోగా మిగిలినది మీ మిగతా సొమ్ముతో కలిసి నిసాబుకు చేరి, చాంద్రమాన ఏడాది గడిస్తే రెండున్నర శాతం ఇవ్వాలని ఎక్కువమంది ఉలమాల మాట. మీ లెక్కకు మీ ఊరి ఆలిమ్‌ను అడగండి.

ఖాళీ చేయించేటప్పుడు

మేము బడిలో చూస్తుంటాం. నవంబరులోనో, జనవరిలోనో ఇల్లు మారితే పిల్లల చదువు తెగిపోతుంది. పదో తరగతి పిల్లలకైతే ఆ దెబ్బ మరీ పెద్దది. మరీ అత్యవసరం కాకపోతే ఏప్రిల్‌లో పరీక్షలు ముగిసేదాకా ఆగండి. ఈ మాట ఒప్పందంలోనే రాసుకోవచ్చు.

ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే ఇంకా మేలని బఖరా 280వ ఆయతు చెబుతుంది. రాసుకోమన్న ఆయతుకు రెండు ఆయతుల ముందే ఈ మాట ఉంది. కాగితం గట్టిగా రాసుకోండి, వసూలు మెత్తగా చేయండి. ఒక వితంతువుకు బాడుగ తగ్గిస్తే అదీ రాసి ఉంచండి. రేపు మీ పిల్లలు ఆ లెక్క చూసినప్పుడు అది బాకీ కాదని, మీరు మనసారా వదిలిన సొమ్మని వారికి తెలుస్తుంది.

అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.