పత్తికాయ లోపలి లెక్క

డిసెంబరులో గురజాల వైపు నల్లరేగడి చేలల్లోకి దిగి పత్తి పూలను చూడండి. కొన్నింటి రేకులు విచ్చుకోవు, దారంతో కుట్టేసినట్టు ముడుచుకుని ఉంటాయి. రైతులు వాటిని గుడ్డిపూలు అంటారు. లోపల గులాబీరంగు పురుగు ఉంటుంది. పైకి నవనవలాడే కాయను చీల్చినా అంతే: దూదికి పసుపు మరక, డొల్లయిన గింజ, అందులో మెదిలే పురుగు. ఇది బీటీ-2 పత్తి. పురుగు పట్టదన్న మాట మీదే ఈ విత్తనం అమ్మారు.

బీటీ అనేది నేలలో ఉండే ఒక బాక్టీరియా. దాని జన్యువు పత్తి మొక్కలో చేరితే క్రై ప్రోటీన్ తయారవుతుంది. క్షారగుణం ఎక్కువగా ఉండే పురుగు పేగులో అది కరిగి, పేగు గోడకు అంటుకుని చిల్లులు పొడుస్తుంది. ఈ విజ్ఞానం గట్టిదే. 2002లో అనుమతి వచ్చాక తొలి ఏళ్లలో శనగపచ్చ పురుగుకు మందు కొట్టడం తగ్గింది. 1987-88లో తెల్లదోమ దెబ్బకు రైతుల ఆత్మహత్యలు చూసిన ఉమ్మడి గుంటూరు జిల్లాకు అది చిన్న ఊరట కాదు.

నా అనుమానం జన్యువు మీద కాదు, దాన్ని అమ్మిన తీరు మీద. అమెరికాలో బీటీని సూటి రకాల్లో పెట్టారు. మనకు హైబ్రిడ్లలో ఇచ్చారు. హైబ్రిడ్ గింజ దాచుకుని విత్తితే పంట ఒకేలా రాదు, ఏటా కొనాల్సిందే. కంపెనీ రాబడికి అదే కంచె.

అసలు చిక్కు కాయ లోపల ఉంది. ఈ బీటీ-2 హైబ్రిడ్లకు రెండు బీటీ జన్యువులూ సాధారణంగా ఒక్క జనకం నుంచే వస్తాయి. ఆకులో ఆ రెండింటి విషాలూ ఉంటాయి. గింజలు మాత్రం తర్వాతి తరం, వాటిలో జన్యువులు చెదిరిపోతాయి. పదహారు గింజలు తీస్తే సగటున తొమ్మిదింట్లో రెండూ, ఆరింట్లో ఏదో ఒకటి ఉంటాయి. మిగిలిన ఒక్కదాంట్లో ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేది ఆ గింజలనే. పూర్తి మోతాదు తగలక బతికిన పురుగులు, విషాన్ని తట్టుకునే గుణాన్ని పిల్లలకు ఇస్తాయి. పైగా ఈ పంట ఆరు నెలలకు పైగా చేలో ఉంటుంది.

దీనికి విరుగుడుగా 450 గ్రాముల ప్యాకెట్‌తో 120 గ్రాముల బీటీ కాని విత్తనం ఇచ్చేవారు. ఆ మొక్కల మీద పెరిగిన పురుగులు మొండి పురుగులతో జతకడితే మొండితనం పలచబడుతుంది. చాలామంది దాన్ని వెయ్యలేదు. కౌలు చేలో ఒక పట్టెను పురుగుకు వదలమంటే, ఎందుకో విడమరచి చెప్పాలి కదా! ఆ పని సరిగా జరగలేదు. నెపం మాత్రం రైతు మీదే పడింది.

2006లో ప్యాకెట్ ధర రూ.1,600 దాటితే, అందులో రూ.1,250 జన్యువు రుసుమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ గడప తొక్కింది, ధరను రూ.750కి దించింది. అంత రుసుము తీసుకున్నవారు పురుగు మీద కన్నేసి ఉంచే బాధ్యతా తీసుకోవాలి. 2010లో గుజరాత్‌లో తొలి రకం బీటీకి పురుగు లొంగడం లేదని ఆ జన్యువు కంపెనీ మోన్‌శాంటో ఒప్పుకుంది, బీటీ-2 వాడమంది. కొన్నేళ్లకే అదీ ఓడింది. 2020లో కేంద్రం ఆ రుసుమును పూర్తిగా ఎత్తేసింది. అదే పురుగును అమెరికా బీటీతో పాటు, పిల్లలు పుట్టని రెక్కల పురుగులను కోట్లలో వదిలి తుడిచిపెట్టింది. 2018లో ఆ సంగతి ప్రకటించింది.

జనవరికల్లా మోళ్లు పీకేయమని మన వ్యవసాయ శాఖ చెబుతుంది. పురుగు జీవితచక్రం తెగాలంటే అది సరైన మాటే. కానీ మాచర్ల మెట్ట రైతుకు పురుగుమందుల కొట్టు బాకీ తీరేది ఆ చివరి తీత పత్తితోనే.