రెండు పుస్తకములు - ఒకే లెక్క

అంగడిలో ఒక చిట్టా, ఇంటిలో ఒక చిట్టా పెట్టుకొని, రెండింటిలోను విడివిడిగా పద్దులు వ్రాయు వర్తకుని సంగతి శ్రోతలు ఊహింపగలరు. వారము తిరుగుసరికి ఏది సరియైన లెక్కయో అతనికే తెలియదు. చేతిలో ఇమిడే చిన్న యంత్రములోను, బల్లమీది కంప్యూటరులోను చిరునామాలు, దినచర్యలు దాచుకొన్నవారికి ఎదురైన చిక్కు సరిగా ఇదియే.

1996వ సంవత్సరమున అమెరికాలో పామ్ కంప్యూటింగ్ సంస్థ 'పైలట్' అను చేతి యంత్రమును విడుదల చేసినది. దాని రూపకర్త జెఫ్ హాకిన్స్. అది చొక్కా జేబులో పట్టవలెనను పట్టుదలతో ఆయన ముందుగా ఆ పరిమాణమున ఒక కొయ్యముక్కను సిద్ధము చేసికొని, దానినే జేబులో పెట్టుకొని తిరిగి, అవసరమైనపుడు దానిమీద వ్రాసికొన్నట్లు నటించెడివాడట! మొదటి రకములో జ్ఞాపకపు చోటు 128 కిలోబైట్లు మాత్రమే. రెండు సన్నని బ్యాటరీలతో నడిచెడిది. అయినను అది జనమునకు నచ్చుటకు ముఖ్యకారణము దాని పరిమాణము కాదని నా అభిప్రాయము. కంప్యూటరు ప్రక్కనున్న పీఠముపై దానిని నిలిపి ఒక మీట నొక్కినచో, రెండు పుస్తకములు ఒకటైపోయెడివి. ఈ ప్రక్రియకు 'హాట్‌సింక్' అని పేరు.

ఒకటి చేయుట అనగానే, ఒకదానిని మరియొకదానిపై నకలు చేయుట అని తోచును. అట్లు చేసినచో ఒక పుస్తకములో ఆ దినము వ్రాసినదంతయు పోవును. కనుక ప్రతి పద్దుకు ఒక ప్రత్యేక సంఖ్య నిచ్చి, దానిని దిద్దినపుడెల్ల 'ఇది మారినది' అను గురుతు పెట్టెడివారు. మీట నొక్కగానే గురుతున్న పద్దులు మాత్రమే ఇటునుండి అటు, అటునుండి ఇటు పోయెడివి. పిదప గురుతులు చెరిపివేయబడెడివి.

కొట్టివేసిన పద్దు సంగతి మరింత సూక్ష్మమైనది. ఒక పేరు ఒక పుస్తకములో ఉండి రెండవదానిలో లేదనుకొందము. అది ఇక్కడ కొత్తగా చేరినదా, అక్కడ కొట్టివేయబడినదా? లేకపోవుట తనంతట తాను ఏమియు చెప్పదు. అందుచేత చేతి యంత్రము కొట్టివేసిన పద్దును గూర్చిన గురుతును తరువాతి కలయిక వరకు దాచెడిది.

ఇక అసలు చిక్కు. ఒక వైద్యుడు ప్రయాణములో ఉండి, రోగి ఇంటి టెలిఫోను సంఖ్యను చేతి యంత్రములో దిద్దెను. అదే దినమున ఆయన సహాయకుడు ఆసుపత్రి కంప్యూటరులో అదే పద్దును మరియొక విధముగా దిద్దెను. ఏది నిలువవలెను? చివర దిద్దినదే నిలుచునని చెప్పుట తేలిక. కాని రెండు గడియారములు ఒకే వేళను చూపునను నమ్మకమేమి? పైగా చివర దిద్దినది సరియైనదే కావలెనను నియమము లేదు. హాట్‌సింక్ ఇచ్చట తీర్పు చెప్పెడిది కాదు. రెండు పద్దులను రెండు పుస్తకములలోను ఉంచి ఊరకుండెడిది. ఒకచోట దిద్ది, మరియొకచోట కొట్టివేసినచో, దిద్దినదే నిలిచెడిది. జంట పేర్లు చూచి విసుగుకొన్నవారు లేకపోలేదు. రోగి సంఖ్య జాడలేక పోవుటకంటె ఆ విసుగే నయము.

ఇంటిలో ఒక కంప్యూటరు, కార్యాలయములో ఒకటి ఉన్నవారికి మరియొక తంటా. ఇంటిలో కలిపినపుడు గురుతులు చెరిగిపోవును గదా! మరునాడు కార్యాలయపు కంప్యూటరుకు ఏది మారినదో తెలియుట ఎట్లు? అట్టి సమయమున అది గురుతులను నమ్మక, క్రిందటి మారు తాను దాచుకొన్న ప్రతితో ఒక్కొక్క పద్దును పోల్చి చూచెడిది. ఆలస్యమైనను మార్గమదియే. అట్టి మూడవ ప్రతి సాక్షిగా లేనిచో, రెండింటిలో ఏది పాతదో, ఏది దిద్దినదో తేల్చుట కష్టము.

ఆ తొలి యంత్రములలో బ్యాటరీలు పూర్తిగా అడుగంటినచో వ్రాసినదంతయు తుడిచిపెట్టుకొని పోయెడిది. కొత్తవి వేసి పీఠముపై నిలిపినచో కంప్యూటరులోని ప్రతినుండి తిరిగి నిండెడిది. క్రిందటి కలయిక తరువాత వ్రాసినవి మాత్రము తిరిగి రావు.

నేడు మన జేబు టెలిఫోనులు మీట నొక్కకయే, తీగ లేకయే, దూరముననున్న కంప్యూటర్లతో తమ పుస్తకములను కలుపుకొనుచున్నవి. వానిలో ఒకే పేరు రెండు వేర్వేరు సంఖ్యలతో కనబడినచో, ఒకదానిని కొట్టివేయుటకు ముందు రెండింటికిని ఫోను చేసి చూడుడు.