హైదరాబాదుకు ప్రపంచం వచ్చిన రెండు దారులు

ప్రపంచీకరణ అనగానే మన నగరంలో అందరూ మాదాపూర్ వైపు చూపిస్తారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతోనే కథ మొదలైనట్టు చెప్పుకుంటాం. నిజానికి అంతకు పాతికేళ్ల ముందే పాతబస్తీ ప్రపంచంతో ముడిపడింది. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు ఊపందుకున్నాక ఇక్కడి మేస్త్రీలు, డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు అక్కడికి తరలివెళ్లారు.

ఆ సంపాదన ఇళ్లు కట్టింది, ఆడపిల్లల పెళ్లిళ్లు చేసింది, బడి ఫీజులు కట్టింది. అయితే వీసా ముగిసిన రోజే జీతమూ ముగిసేది. దుబాయిలో ఇరవయ్యేళ్లు కష్టపడిన తండ్రి కొడుక్కి ఇల్లు ఇవ్వగలడు, కొలువు ఇవ్వలేడు. ఆ డబ్బుతో ఇక్కడ కార్ఖానాలు లేచింది తక్కువ.

మాదాపూర్ దారి వేరు. పని ఇక్కడే, బిల్లు కట్టేది అమెరికా కంపెనీ. కాకపోతే గేటు ఇరుకు: ఇంజనీరింగు డిగ్రీ, ధారాళమైన ఇంగ్లీషు. అవి లేనివారికి అదే భవనంలో సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాబ్ పనులు ఉంటాయి, ఎక్కువగా కాంట్రాక్టరు కింద.

ఈ రెంటికీ నడుమ ఒకప్పుడు ఒక మెట్టు ఉండేది. 1942లో పుట్టిన ఆల్విన్, బాలానగర్‌లోని ఐడీపీఎల్ వంటి ఫ్యాక్టరీల్లో ఐటీఐ చదివిన కుర్రాడికి పర్మినెంటు ఉద్యోగం, పీఎఫ్ దక్కేవి. 1991 సంస్కరణల తర్వాతి ఏళ్లలో ఇలాంటివి కొన్ని మూతపడ్డాయి, కొన్ని చేతులు మారాయి. ఆల్విన్ ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు పోయింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించి మన మందులను ప్రపంచ మార్కెట్లకు చేర్చారు. అదే ఐడీపీఎల్‌లో యంత్రాలు బిగించిన ఫిట్టరు ఎక్కడికి వెళ్లగలడు? చదువు ఉన్నవాడికి సరిహద్దులు తెరుచుకున్నాయి, చేతిపని ఒక్కటే ఉన్నవాడికి ఉన్న గేటూ మూసుకుంది. అసమానత పెరగడమంటే నా లెక్కలో ఇదే.

దూరం ఇంకో ఖర్చు. మెట్రో 2019లో హైటెక్ సిటీ చేరింది. ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన లైను మాత్రం 2020లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గర ఆగింది. చార్మినార్ పక్క గల్లీలో ఉండే అమ్మాయి మాదాపూర్‌లో నైట్ షిఫ్టు చేయాలంటే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది జీతం కాదు, ఎలా తిరిగొస్తావని.

స్కాలర్‌షిప్ ఇచ్చేటప్పుడు మనం సాధారణంగా కాలేజీ ఫీజునే లెక్కగడతాం. ఇంగ్లీషు తరగతి, రానుపోను ఛార్జీలు, అప్రెంటిస్‌గా ఉన్న నెలల్లో ఇంటి ఖర్చు ఆ లెక్కలోకి రావు. చాలామంది పిల్లలు చదువు పూర్తి చేసి కూడా ఆగిపోతున్నది సరిగ్గా అక్కడే.