ఉమ్మడి అద్దె ఇల్లు: పొరుగువారి హక్కు, అద్దెదారు హక్కు

ఉన్నత విద్య నిమిత్తం మన తెలుగు ప్రాంతాల నుండి ఇంగ్లాండు వెళ్లే పిల్లల్లో అనేకులు ఒక ఇంటిలో తలా ఒక గదిని అద్దెకు తీసుకుంటారు. వంటగదినీ, స్నానపుగదినీ కలిసి వాడుకుంటారు. ఒకే కుటుంబానికి చెందని ముగ్గురు లేక అంతకు మించినవారు ఇలా నివసించే ఇంటికి అక్కడ ప్రత్యేక నియమాలున్నాయి. పిల్లలను పంపే తల్లిదండ్రులు వాటిని తెలుసుకోవడం అవసరం.

2010 నుండి అక్కడ కుటుంబ గృహాన్ని ముగ్గురు మొదలు ఆరుగురి వరకు నివసించే ఉమ్మడి ఇల్లుగా మార్చడానికి సాధారణంగా ప్రణాళికా అనుమతి అక్కరలేదు. అయితే ‘ఆర్టికల్ 4’ అనే ఉత్తర్వు ద్వారా స్థానిక కౌన్సిల్ ఈ వెసులుబాటును తొలగించవచ్చు. అప్పుడు యజమాని దరఖాస్తు చేసుకొని అనుమతి పొందాలి. మాంచెస్టర్‌లో 2011 నుండి, బర్మింగ్‌హామ్‌లో 2020 నుండి నగరమంతటా ఇది అమలులో ఉంది. చుట్టూ 100 మీటర్ల పరిధిలోని నివాసాల్లో ఉమ్మడి ఇళ్లు 10 శాతం మించరాదన్నది బర్మింగ్‌హామ్ విధానం.

ఈ కట్టడికి కారణం లేకపోలేదు. వీధిలో ఒక్కొక్క ఇల్లే గదులుగా మారిపోతే కుటుంబాలు తరలిపోతాయి. ఏటేటా మారే అద్దెదారులకు ఇరుగుపొరుగుతో పరిచయమే ఏర్పడదు. చెత్త, వాహనాలు, అర్ధరాత్రి సందడి తగాదాలకు దారితీస్తాయి. పొరుగువాని హక్కును గుర్తించిన ఏ సమాజమైనా ఈ బాధను తేలికగా తీసుకోరాదు.

కాని మరొక పక్షమూ ఉంది. ఇల్లంతా అద్దెకు తీసుకోలేని విద్యార్థికీ, చిరుద్యోగికీ గదే ఆధారం. అనుమతి నిరాకరించినంత మాత్రాన వారి అవసరం తీరిపోదు. కౌన్సిల్ ఒకచోట గదులకు హద్దు విధిస్తే, మరొకచోట చౌకైన నివాసానికి మార్గం చూపాలి. లేనిచో అవసరంలో ఉన్నవారు అనుమతి లేని ఇరుకు కొంపల పాలవుతారు. తప్పు యజమానిదే అయినా, చర్య తీసుకున్ననాడు గూడు కోల్పోయేది అద్దెదారుడే.

ప్రణాళికా అనుమతి వేరు, లైసెన్సు వేరు అని కూడా గ్రహించాలి. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు లేక అంతకు మించినవారు కలిసి ఉండే ఇంటికి ఇంగ్లాండు అంతటా లైసెన్సు తప్పనిసరి. కొన్ని కౌన్సిళ్లు అంతకంటే చిన్న ఇళ్లకూ దానిని కోరుతాయి. లైసెన్సు గల ఇంటిలో ఒక వయోజనుడు నిద్రించే గది 6.51 చదరపు మీటర్లకు, అంటే సుమారు 70 చదరపు అడుగులకు తగ్గరాదు.

కనుక డబ్బు పంపే ముందే విచారించండి. ఆ ఇంట్లో ఎందరుంటారు? లైసెన్సు ఉందా? ఆ ప్రాంతంలో ప్రణాళికా అనుమతి అవసరమైతే పొందారా? పొగను పసిగట్టే అలారం ఉందా? లైసెన్సుల జాబితాను కౌన్సిల్ ప్రజలకు అందుబాటులో ఉంచాలి. అందులో ఆ చిరునామాను సరిచూసుకోమని పిల్లలకు చెప్పండి. ఇంట చేరిన తరువాత చెత్త వేయవలసిన రోజునూ, పొరుగువారు నిద్రించే వేళనూ తెలుసుకొని మసలుకోమని కూడా చెప్పండి.