కొర్రమీను పేగులో ముళ్లతల

కొర్రమీను పేగును నిలువునా చీరి భూతద్దం కింద పెడితే, లోపలి గోడను పట్టుకుని వేలాడే సన్నటి తెల్ల పురుగులు కనబడవచ్చు. వాటిలో ఒక జాతి పేరు పాలిసెంటిస్ నాగ్‌పురెన్సిస్. దాన్ని 1931లో భలేరావు వర్ణించారు. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో కూడా చేపల పరాన్నజీవుల మీద పరిశోధనలు జరిగాయి.

ఈ పురుగు తలే విశేషం. తల చివర చిన్న తొండం, దాని చుట్టూ నాలుగు వరుసల కొక్కేలు. అక్కర ఉంటే తొండాన్ని ఒంట్లోకి లాక్కుంటుంది, లేకపోతే బయటికి చాచి పేగు గోడలో గుచ్చుతుంది. ఇలాంటి ముళ్లతల పురుగుల్లో వెయ్యికి పైగా జాతులున్నాయి. అన్నిటికీ ఈ తొండమే ఆధారం.

ఇంకో వింత, వీటికి నోరు లేదు. పేగూ లేదు. చేప తిని అరిగించుకున్న సారాన్ని ఒంటి పొరతోనే పీల్చుకుంటాయి.

1684లో ఇటలీలో ఫ్రాంచెస్కో రేడి పాముచేపల్లో కొక్కేల తొండమున్న పురుగులను చూసి రాశారు. రెండు శతాబ్దాల తర్వాత, 1888లో, అదే దేశంలో కలాండ్రూచియో అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల్లో పెరిగే ముళ్లతల పురుగు పిల్లలను తానే మింగి, కడుపులో వచ్చిన బాధలను నమోదు చేశారు. విజ్ఞానం కోసం ఇంతకు తెగించినవాళ్లను గుర్తుపెట్టుకోవాలి.

చేప నుంచి చేపకు ఈ పురుగు నేరుగా పోలేదు. గుడ్లు చేప పెంటతో నీళ్లలో పడతాయి. వాటిని సైక్లాప్స్ అనే నలుసంత నీటిజీవి తింటుంది. పిల్ల దాని ఒంట్లో పెరుగుతుంది. ఆ సైక్లాప్స్‌ను చేప మింగితే పురుగుకు కొత్త ఇల్లు దొరికినట్టే. పాలిసెంటిస్ బతుకు చక్రాన్ని కేరళ శాస్త్రజ్ఞులు జార్జ్, నడకల్ 1973లో వివరంగా ప్రచురించారు.

సైక్లాప్స్ అంటే రాయలసీమ పెద్దవాళ్లకు వేరే బాధ గుర్తుకు రావాలి. నారికురుపు పురుగు మనిషి ఒంట్లోకి చేరింది ఇదే జీవి ద్వారా. దిగుడుబావిలోకి మెట్లు దిగి, కాళ్లు తడిపి, నీళ్లు ముంచుకునే అలవాటే దానికి దారి. కాలి పుండు నీటిని తాకగానే ఆడపురుగు పిల్లలను వదిలేది, సైక్లాప్స్ వాటిని తినేది, ఆ నీళ్లు తాగినవాడికి ఏడాదికి కాలిలోంచి మూరెడుకు మించిన పురుగు బయటికి వచ్చేది. నీళ్లను గుడ్డతో వడగట్టడం, దిగుడుబావులకు బదులు బోరింగులు వేయడం లాంటి పనులతో దేశం దాన్ని వదిలించుకుంది. చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లో తేలాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌కు నారికురుపు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. మందు లేని జబ్బును గుడ్డముక్కతో గెలవడం మన ఆరోగ్య చరిత్రలోకెల్లా గొప్ప పని అని నా నమ్మకం.

కొన్ని ముళ్లతల పురుగులు తమను మోస్తున్న చిన్న జీవి బుద్ధినే మార్చేస్తాయి. యూరప్ నదుల్లో పోంఫోరింకస్ అనే ముళ్లతల పురుగు పిల్ల ఒంట్లో ఉన్న గమారస్ అనే రొయ్యలాంటి జీవి, చీకట్లో దాక్కోకుండా వెలుగు వైపు ఈదుతుంది. చేపకు సులువుగా చిక్కుతుంది.

చేప తినేవాళ్లు భయపడనక్కరలేదు. పేగులు తీసేసి బాగా ఉడికించి తింటే ఈ పురుగుతో ఇబ్బంది లేదు.

చివరిగా, నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. జర్మనీలో రూర్ నది చేపలను పరీక్షిస్తే, పోంఫోరింకస్ పురుగుల్లో సీసం ఆ చేపల కండలో ఉన్నదానికంటే 2,700 రెట్లు ఎక్కువగా తేలింది. చేప ఒంట్లో కొలతకు అందనంత తక్కువ విషం కూడా పురుగులో బయటపడుతుందన్నమాట. కడప వైపు పారే పెన్న, బుగ్గవంక నీళ్లను కూడా ఇలా పురుగుల ద్వారా ఏటా పరీక్షిస్తే బాగుంటుంది. కొర్రమీను పట్టేవాళ్లు పారేసే పేగులే దానికి సరిపోతాయి.