క్రొత్త కారు కొనువారు తెలిసికొనవలసిన విషయములు

నేడు గ్రామములలో సైతము సొంత అవసరములకును, అద్దెకు త్రిప్పుటకును కార్లు కొనువారు కలరు. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతోనో, బ్యాంకు ఋణముతోనో కొనిన బండి చెడినపుడు, ‘వారంటీ ఉన్నది గదా’ యని ధైర్యముగా నుండినవారికి వర్క్‌షాపువారు పెద్ద బిల్లు చేతికిచ్చుట కద్దు. వారంటీ, బీమా, రోడ్డు సహాయము అను మూడింటిని ఒకటిగా తలచుటయే ఇందుకు ముఖ్యకారణము.

వారంటీ యనగా కారు తయారుచేసిన కంపెనీ ఇచ్చు హామీ. తయారీ లోపమువలన ఏదేని భాగము చెడినచో, కంపెనీ దానిని ఉచితముగా బాగుచేయును, లేదా మార్చును. దీనికి కాలపరిమితియు, కిలోమీటర్ల పరిమితియు ఉండును. ఏది ముందు పూర్తియైనను హామీ ముగియును. మూడేండ్లు లేక 1,00,000 కిలోమీటర్లని యున్నదనుకొందము. అద్దె బండి రోజునకు 200 కిలోమీటర్లు తిరిగినచో, 500 దినములలోనే ఆ హామీ తీరిపోవును.

సహజముగా అరిగిపోవు బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపరు రబ్బర్లు మున్నగునవి సాధారణముగా వారంటీలోనికి రావు. టైర్లకు వాటి తయారీదారుల హామీ వేరుగా నుండును. గడువునకు సర్వీసు చేయింపకున్నను, వైరింగు కోయించి అదనపు దీపములు బిగించినను, అందువలన కలిగిన చెడుపునకు కంపెనీ బాధ్యత వహింపదు.

ప్రమాదము, వరద, దొంగతనము బీమాకు సంబంధించినవి. చట్టరీత్యా తప్పనిసరియైన థర్డ్ పార్టీ బీమా ఇతరులకు కలిగిన నష్టమునకే వర్తించును. మన బండి నష్టమునకు వేరుగా బీమా ఉండవలెను.

రోడ్డు సహాయము త్రోవలో నిలిచిన బండిని గట్టెక్కించు సేవ. పంక్చరైన చక్రము మార్చుట, బ్యాటరీకి ఊతమిచ్చుట, వర్క్‌షాపునకు లాగుకొనిపోవుట ఇందలి పనులు. ఎంత దూరము ఉచితముగా లాగుదురు, ఏడాదికెన్ని పర్యాయములు వత్తురు, మన ఊరి మట్టిబాటకు వత్తురా లేదా అనునది కొనునాడే అడిగి, వ్రాతమూలకముగా తీసికొనవలెను. జాతీయ రహదారిపై బండి నిలిచినచో 1033 నంబరునకు ఫోను చేయవచ్చును.

వారంటీ పుస్తకములో డెలివరీ తేదీయు, ఛాసిస్ నంబరును, డీలరు ముద్రయు సరిచూచుకొనుడు. అది ఆంగ్లములో నున్నచో, తెలిసినవారిచే అర్థము చెప్పించుకొనుడు. సర్వీసు బిల్లులన్నియు భద్రపరచుడు. న్యాయముగా చేయవలసిన మరమ్మతును నిరాకరించినచో, కారణమును వ్రాసియిమ్మని కోరుడు. పిమ్మట జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరుపై తెలుపవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, రెండేండ్లలోపు తాము నివసించు జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. కేవలము జీవనోపాధికై స్వయముగా బండి త్రిప్పుకొనువారికిని ఈ హక్కు కలదు.

కావున సంతకము చేయుటకు ముందే షరతులన్నియు విచారించి, కష్టార్జితమును కాపాడుకొనుడు.