ఆవకాయకు దారుంది... గసగసాలకు లేదు!

అమలాపురం: శ్రావణమాసం సగం గడిచేసరికి కోనసీమ పల్లెల్లో ఒక సందడి మొదలవుతుంది. పెళ్ళి కాదు, పేరంటం కాదు. అయినా ఇంటినిండా జనం. అరుగు మీద అట్టపెట్టెలు, తాళ్ళు, టేపు చుట్టలు. వంటింట్లో కారం ఘాటు. మధ్యగదిలో నోళ్ళు తెరుచుకుని కూర్చున్న రెండు పెద్ద సూట్‌కేసులు. సెలవులకు వచ్చిన గల్ఫు కుటుంబం తిరుగు ప్రయాణం కడుతోందని వీధి చివరి నుంచే తెలిసిపోతుంది.

గల్ఫు దేశాల్లో జూలై, ఆగస్టు నెలలు బడులకు వేసవి సెలవులు. ఆ సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన ఇల్లాలు పుట్టింట్లో కొన్నాళ్ళు, అత్తింట్లో కొన్నాళ్ళు గడిపి, ఆగస్టు ఆఖరుకల్లా దుబాయో, మస్కటో, దోహాయో చేరుకోవాలి. భర్త అప్పటికే సెలవు ముగించుకుని వెళ్ళిపోయి ఉంటాడు. ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి వచ్చే ప్రయాణం ఇది. ఇక్కడినుంచి పట్టుకెళ్ళిందే మళ్ళీ వచ్చేదాకా ఆ ఇంటికి ఆధారం.

1970 దశకంలో చమురు ధరలు పెరిగి గల్ఫులో పనులు పుష్కలమైన నాటినుంచీ మనవాళ్ళు ఆ దారి పట్టారు. తండ్రి వెళ్ళిన చోటికి కొడుకు, అక్క వెళ్ళిన చోటికి చెల్లెలు వెళ్ళిన ఇళ్ళు కోనసీమలో ఎన్నో! అందుకే పెట్టె సర్దడమన్నది ఇక్కడి ఆడవాళ్ళకు చేతనైన విద్య. కాని కాలం మారింది, నిబంధనలు మారాయి. అమ్మ ప్రేమగా కట్టి ఇచ్చిన మూటే బిడ్డను విమానాశ్రయంలో నిలబెట్టేసే రోజులివి.

ఏప్రిల్‌లోనే ఏర్పాట్లు

కూతురు వచ్చేది జూలైలో. తల్లి ఏర్పాట్లు మొదలుపెట్టేది మాత్రం ఏప్రిల్‌లోనే. కాయ దొరికేది అప్పుడే కదా! ఇంటికి పెట్టే ఆవకాయతోపాటు 'అమ్మాయి జాడీ' వేరుగా పెడతారు. మాగాయ, మెంతికాయ కూడా అంతే. ఎండలు ఉండగానే గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు, అప్పడాలు ఎండబెట్టి డబ్బాలకెత్తుతారు. ప్రయాణం వారం ఉందనగా కందిపొడి, కరివేపాకు పొడి కొడతారు. రెండు రోజులుందనగా సున్నుండలు, జంతికలు, పోకుండలు చేస్తారు. ఆత్రేయపురం పూతరేకులు, మామిడి తాండ్ర, తాపేశ్వరం కాజా ఆఖరు రోజున వస్తాయి. 2023లో భౌగోళిక గుర్తింపు దక్కాక ఆత్రేయపురం పూతరేకు పేరు మరింత పెరిగింది. అక్కడి పొరుగువారికి పంచడానికి దానికి మించినది లేదని వెళ్ళేవారి మాట.

తిండి సరుకులతో పని అయిపోదు. గల్ఫులో కుట్టుకూలి ఎక్కువ గనుక పదేసి రవికెలు ఇక్కడే కుట్టించుకుంటారు. పసుపు, కుంకుమ, వత్తులు, అల్లుడికి లుంగీలు, పిల్లలకు పెద్దబాలశిక్ష - ఇలా సాగుతుంది జాబితా.

అక్కడ దొరకవా అంటే, దొరకకేమి? దుబాయిలోని కరామా, బర్ దుబాయి వీధుల్లో గోంగూర, కరివేపాకు, తెలుగువాళ్ళ పచ్చళ్ళు అన్నీ అమ్ముతారు. అయినా మోసుకుపోతారు. కొన్న సీసాలో అమ్మ చెయ్యి ఉండదు మరి. ఊరు అంతగా ఎరగని పిల్లలకు ఆవకాయ అన్నమే అమ్మమ్మ ఊరు.

ఒంటరిగా వెళ్ళి అరబ్బుల ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు సొంత వంటిల్లు ఉండదు. పొయ్యితో పనిలేని పొడులు, పచ్చళ్ళే వాళ్ళకు కూర. వేడన్నంలో కలుపుకునే కందిపొడి ఒక్కటుంటే పూట గడిచిపోతుంది.

కిలోల లెక్క

విమానాన్ని బట్టి, టికెట్టును బట్టి ఒక్కొక్కరికి సాధారణంగా 20 నుంచి 30 కిలోల పెద్ద సామాను, 7 కిలోల చేతి సంచీ అనుమతిస్తారు. ఏ పెట్టె అయినా 32 కిలోలు దాటితే మామూలు సామాను కింద తీసుకోరు. అదనపు బరువుకు కిలోల లెక్కన కట్టే డబ్బుతో ఇక్కడ మరో జాడీ ఆవకాయ పెట్టుకోవచ్చు! అందుకని ప్రయాణానికి ముందురోజే తూకం వేసుకోవాలి. కాటా లేకపోతే కిరాణా కొట్లో మనిషి పెట్టెతో ఒకసారి, పెట్టె లేకుండా ఒకసారి కాటా ఎక్కి తేడా చూసుకుంటే సరి.

పచ్చడి సర్దడానికీ ఒక పద్ధతి ఉంది. నూనె పైకి తేలేలా పోసి పంపితే దారిలో కారడం ఖాయం. ముక్క తడిసే మాత్రం నూనె ఉంచి, మిగతాది అక్కడికి వెళ్ళాక పోసుకోవాలి. మూత బిగించి, చుట్టూ టేపు వేసి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, పెట్టె మధ్యలో పాత బట్టల నడుమ ఉంచాలి. కొత్త చీరల పక్కన పెట్టారో, ఆ చీరలకు ఆవకాయ అంచు తప్పదు!

చేతి సంచీలో మాత్రం పచ్చడి పెట్టకూడదు. తనిఖీవారి లెక్కలో పచ్చడి, నెయ్యి ద్రవపదార్థాల కిందికే వస్తాయి. 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాన్ని విమానంలోకి చేతితో తీసుకెళ్ళనివ్వరు. రాత్రంతా బస్సులో ప్రయాణించి శంషాబాద్ చేరాక, అమ్మ పెట్టిన ఆవకాయను చెత్తడబ్బాలో పడేయమంటే ఆ బాధ చెప్పనలవి కాదు. పచ్చళ్ళు, నెయ్యి, కారప్పొడులు అన్నీ పెద్ద పెట్టెలోనే సర్దాలి.

కొబ్బరి సీమకు వచ్చిన చిక్కు

కోనసీమవాసి విదేశం వెళుతూ కొబ్బరి పట్టుకెళ్ళకుండా ఉంటాడా? అంబాజీపేట మార్కెట్ నుంచి నాలుగు కురిడీలు పెట్టెలో పడేయడం ఇక్కడివారికి అలవాటు. ఇప్పుడది కుదరదు. విమానంలో పంపే పెద్ద సామానులో ఎండు కొబ్బరి పెట్టకూడదని పౌర విమానయాన భద్రతా బ్యూరో 2022లో నిషేధించింది.

కారణం వింటే కొబ్బరి రైతుకు ఆశ్చర్యం ఉండదు. ఎండు కొబ్బరిలో 60 శాతానికి పైగా నూనే. గాలాడకుండా ఒకచోట కుక్కితే అది తనంతట తాను వేడెక్కుతుంది. ఒక్కోసారి నిప్పు అంటుకునే దాకా పోతుంది. నేల మీద గోదాములో నిప్పు పుడితే పదిమంది పరుగెత్తుకొస్తారు. ఆకాశంలో సామాన్ల గదిలో పుడితే ఎవరు వస్తారు? కనుక కురిడీ మీద మమకారం ఉన్నా ఇంట్లోనే వదిలి వెళ్ళాలి. ఆ ముక్క అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది.

మసాలా డబ్బాలో ముప్పు

కొబ్బరి పట్టుబడితే పెట్టె విప్పి తీసేస్తారు, అంతటితో సరి. గసగసాల సంగతి అలా కాదు. మన దేశంలో కిరాణా కొట్లో బాహాటంగా అమ్మే ఈ గింజలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోను, సౌదీ అరేబియాలోను నిషిద్ధం. అవి నల్లమందు మొక్క గింజలు కావడమే దీనికి కారణం. గింజలో మత్తు నామమాత్రమే అయినా, కాయ పాలు దానికి అంటి ఉండవచ్చు. అక్కడి చట్టం వంట సరుకని ఊరుకోదు. గల్ఫే కాదు, సింగపూర్‌లోనూ గసగసాలకు నిషేధం ఉంది.

గసగసాల పొట్లం పట్టుకెళ్ళకూడదన్న సంగతి చాలామందికి తెలుసు. తెలియకుండా జరిగే పొరపాటు మరొకటుంది. కోడికూరలోకి ఇంట్లో కొట్టే మసాలాలో ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్కలతోపాటు గుప్పెడు గసగసాలు వేయడం మన ఆడవాళ్ళకు అలవాటు. 'మసాలాపొడి' అని చీటీ అంటించి పెట్టెలో పెట్టేస్తారు. పెట్టినవారికి అందులో ఏముందో గుర్తుండదు, పట్టుకెళ్ళేవారికి అసలు తెలియదు. గల్ఫుకు వెళ్ళే మసాలా గసగసాలు లేకుండా వేరుగా కొట్టాలి. గసగసాలు విసిరిన మిక్సీ గిన్నెను, రోలును కడిగి తుడిచాకే ఆ పని మొదలుపెట్టాలి.

ఇంకొకటుంది. శ్రావణమాసంలో ఆడపిల్లను తాంబూలం ఇవ్వకుండా పంపడం మనకు తెలియదు. కాని తమలపాకులు, కిళ్ళీ సరుకులు దుబాయి కస్టమ్స్‌వారి నిషేధ జాబితాలో ఉన్నాయి. తాంబూలం చేతిలో పెట్టి దీవించి, ఆకులు దేవుడి గదిలోనే ఉంచుకోవడం మంచిది. గుట్కా పొట్లాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మందులకు చీటీ ముఖ్యం

అక్కడ డాక్టరు ఖర్చుకు భయపడి ఏడాదికి సరిపడా మందులు కొనుక్కుపోవడం మరో అలవాటు. బి.పి., షుగరు మాత్రలకైనా డాక్టరు రాసిచ్చిన చీటీ వెంట ఉండాలి. మాత్రలను విప్పి సంచిలో పోయకుండా మందుల కొట్టువారు ఇచ్చిన అట్టపెట్టెలతోనే ఉంచాలి. ఎమిరేట్స్‌కు సొంత వాడకానికి మామూలు మందులు మూడు నెలలకు మించి తీసుకెళ్ళకూడదు.

నొప్పులకు వాడే ట్రమడాల్, కొన్ని దగ్గుమందుల్లో ఉండే కోడీన్, నిద్ర కోసం ఇచ్చే కొన్ని మాత్రలు అక్కడ మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. ఇవి తప్పనిసరైతే ప్రయాణానికి ముందే ఆ దేశ ఆరోగ్య శాఖ అనుమతి తీసుకోవాలి. 'మా ఊళ్ళో అందరూ వాడేదే' అన్న జవాబు అక్కడ చెల్లదు.

'మా బుల్లోడికి ఈ పొట్లం...'

అన్నిటికన్నా పెద్ద చిక్కు చివరి రోజున వస్తుంది. ప్రయాణం సంగతి తెలిసి వీధిలోవారు ఒక్కొక్కరే వస్తారు.

"అమ్మాయ్, మా బుల్లోడు నీ పక్క వీధిలోనే ఉంటున్నాడంట. ఈ చిన్న పొట్లం అందించేద్దూ. పావుకిలో కూడా ఉండదు."

కాదంటే పాతికేళ్ళ ఇరుగుపొరుగు. అవునంటే లోపల ఏముందో తెలియదు. తెచ్చినావిడ మంచిదే. ఆ పొట్లం ఆవిడకు ఎవరు ఇచ్చారో, దారిలో ఎన్ని చేతులు మారిందో ఎవరికి తెలుసు?

పరాయివాళ్ళ మూటలే కాదు, సొంతవాళ్ళ మూటలూ కొంప ముంచిన సందర్భాలున్నాయి. 2019లో ముంబయి నుంచి ఖతర్ వెళ్ళిన దంపతుల సామానులో మత్తుపదార్థం దొరికింది. ఆ మూట ఇచ్చింది దగ్గరి బంధువే. లోపల ఏముందో తమకు తెలియదని మొత్తుకున్నా అక్కడి కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. నిర్దోషులుగా తేలి ఇల్లు చేరేసరికి 2021 వచ్చింది. సౌదీ అరేబియాలో మాదకద్రవ్యాలు చేరవేసినవారికి మరణశిక్ష సైతం ఉంది.

కనుక మొహమాటం ఇక్కడ పనికిరాదు. అలాగని మాట కటువుగా ఉండనక్కర్లేదు. "పిన్నిగారూ, విప్పి చూపిస్తే నా చేత్తోనే కట్టుకుంటానండి. రూలు అలా ఉంది" అంటే సరిపోతుంది. నిజంగా కొడుక్కి పచ్చడి పంపే తల్లి ఏమీ అనుకోదు. విప్పడానికి ఇష్టపడనివారి పొట్లం మోయవలసిన అవసరం ఎవరికీ లేదు. కుట్టేసిన మూట, సీలు వేసిన డబ్బా, అడుగు మందంగా ఉన్న సంచి, ప్రయాణం గంటలో ఉందనగా బస్టాండులో చేతిలో పెట్టే సామాను - ఈ నాలుగూ ససేమిరా తీసుకోకూడదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

పెట్టె ఎవరి పేరున ఎక్కిందో వారే దానికి జవాబుదారీ. అందుకే ఒక మంచి పద్ధతి అలవాటు చేసుకోవాలి. పెట్టె సర్దే పని వెళ్ళేవారే చేసుకోవాలి. ఏ డబ్బాలో ఏముందో, అది ఎవరు ఇచ్చారో ఒక కాగితం మీద వరసగా రాసుకోవాలి. తాళం వేశాక మళ్ళీ తెరవకూడదు. 'ఇదొక్కటీ ఇరికించు' అని ఎవరన్నా సరే!

రాత్రి బస్సు కదిలే వేళకు ఆ కాగితం ఒకటి అమ్మాయి చేతిసంచిలో, ఒకటి అమ్మ దగ్గర ఉంటే ఇద్దరికీ నిశ్చింత. మర్నాడు అటునుంచి ఫోను వస్తుంది. చేరామన్న కబురు తర్వాత తల్లి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే - "ఆవకాయ కారలేదు కదమ్మా?" ఆ ఒక్క ప్రశ్నతో సంభాషణ తేలిగ్గా ముగియాలంటే, ఇక్కడ పెట్టె మూసేముందు ఇంకొక్కసారి చూసుకోవాలి.